మార్కండేయుడికి చెప్పినవాళ్లు

“ఆయనకు మాత్రం చెప్పకండి మేడం.”

సూరత్ వార్డుల్లో ఈ మాట నేను వినని భాష లేదు. వరాఛాలో వజ్రాలకు సానపట్టే మనిషి తమ్ముడు కాఠియావాడీ యాసలో అంటాడు. గంజాం జిల్లా నుంచి సాంచాల (మరమగ్గాల) పనికి వచ్చిన ఒడియా కుర్రాడు వచ్చీరాని హిందీలో అంటాడు. వ్యారా వైపు నుంచి వచ్చిన గామిత్ ఆదివాసీ తల్లి చేతులు జోడించి కళ్లతోనే అంటుంది. లింబాయత్ నుంచి వచ్చిన మా పద్మశాలీల కోడలు నన్ను వరండాలోకి పిలిచి, చెయ్యి పట్టుకుని, “మా మామకు తెలిస్తే ఆగమైతడు అక్కా, జెప్పకుర్రి” అంటుంది. రిపోర్టు నా చేతిలో ఉంటుంది. ఇంటిల్లిపాదికీ సంగతి తెలుసు. తెలియనిది మంచం మీద ఉన్న మనిషికే.

నా వెనక నడిచే విద్యార్థులు వార్డు దాటగానే అడుగుతారు: “చెప్పాలా, వద్దా మేడం?” వైద్య గ్రంథాల్లో వెతికితే దీనికి జవాబు కొంతే దొరుకుతుంది. ఒక మనిషి ఒంట్లో ఉన్న జబ్బు గురించిన నిజం ఎవరి సొత్తు? కనిపెట్టిన డాక్టరుదా, ఖర్చు పెడుతున్న కొడుకుదా, జబ్బు మోస్తున్న మనిషిదా? ఇది ధర్మానికి సంబంధించిన ప్రశ్న. రోగితో ఎలా మాట్లాడాలో పిల్లలకు నేర్పే పని నాకు అప్పజెప్పినప్పటి నుంచి, మాటతీరు కన్నా ముందు దీన్నే వాళ్ల ఎదుట పెడుతున్నాను. నా జవాబు కూడా దాచుకోను. ఆ నిజం రోగిది. ఆయన అడిగినప్పుడు, ఆయనకు అర్థమయ్యే భాషలో, ఆయన ఓర్చుకోగలిగినంత మేరకు దాన్ని అప్పగించడం వైద్యుడి ధర్మం. ఎలా అప్పగించాలో మాత్రం నేర్చుకుంటేనే వస్తుంది.

మా బాపు నల్గొండ వైపు ఒక పల్లె నుంచి, చేమగ్గం కూడు పెట్టని రోజుల్లో, చుట్టాల వెంట సూరత్ వచ్చి సాంచాల కార్ఖానాలో చేరాడు. ఈ ఊరి కార్పొరేషన్ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతుంది. నేను అక్షరాలు దిద్దింది అలాంటి బడిలోనే. తర్వాత గుజరాతీ వచ్చింది, ఇంగ్లీషు వచ్చింది, డాక్టరు చదువు వచ్చింది. ఇప్పుడు ఈ ఊళ్లోనే ఒక వైద్య కళాశాలలో పాఠం చెబుతున్నాను. చిన్నప్పుడు మా వాడలో ఎవరు దవాఖానాకు వెళ్లినా బడికి వెళ్లే పిల్లలం ఎవరో ఒకరం వెంట ఉండేవాళ్లం. డాక్టరు గుజరాతీలో అడిగింది తెలుగులో చెప్పాలి, పెద్దవాళ్లు తెలుగులో చెప్పింది గుజరాతీలోకి మార్చాలి. ఏ తల్లయినా తన నెలసరి బాధ పక్కింటి పదేళ్ల పిల్లాడి ముందు విప్పి చెబుతుందా? సగం కడుపులోనే ఉంచుకునేది. ఆ సగం లేకుండానే డాక్టరు మందు రాసేవాడు. ఈ ఊళ్లో నేటికీ చాలా ఇళ్లలో ఇదే జరుగుతోంది.

ఒకప్పుడు మా చదువులో రోగితో మాట్లాడటం అనే పాఠమే లేదు. సీనియర్ల వెనక తిరిగి చూసి పట్టుకోవలసిందే. ఓపిక గల గురువు దొరికితే ఓపిక అబ్బేది, కసురుకునే గురువు దొరికితే కసురు అబ్బేది. 2018లో అప్పటి భారత వైద్య మండలి వైఖరి, నీతి, సంభాషణ అనే మూడింటినీ ఒక పాఠ్యక్రమంగా కూర్చింది. అందరూ దాన్ని ఏట్‌కామ్ అంటారు. 2019లో చేరిన ఎంబీబీఎస్ విద్యార్థుల నుంచి అది అమల్లోకి వచ్చింది. డాక్టరు అంటే ఎవరు, రోగి అంటే ఎవరు అన్న ప్రశ్నలతోనే మొదటి సంవత్సరం ఆరంభమవుతుంది. చదువు మొదలయ్యే ముందు జరిగే ఫౌండేషన్ కోర్సులో స్థానిక భాషకూ చోటిచ్చారు. నాకు ఇది పెద్ద మార్పు. శరీరాన్ని కోసి చూపించే గదిలోకి అడుగుపెట్టే ఏడాదిలోనే, ఆ శరీరం ఒక మనిషిదని చెప్పే పాఠం కూడా ఉండటం న్యాయం.

ఈ పాఠానికి పునాది కోసం మరీ దూరం వెళ్లనక్కర్లేదు. చరక సంహిత సూత్రస్థానం తొమ్మిదో అధ్యాయంలో చికిత్సకు నాలుగు పాదాలు చెప్పారు: వైద్యుడు, మందు, పరిచారకుడు, రోగి. ఒక్కో పాదానికి నాలుగేసి గుణాలు. రోగికి ఉండవలసిన గుణాలు ఇవి: జరిగింది గుర్తుండటం, చెప్పింది పాటించడం, భయపడకుండా ఉండటం, తన బాధను తాను వివరించగలగడం. విద్యార్థుల చేత ఈ జాబితా చదివించి ఒక ప్రశ్న అడుగుతాను. వీటిలో రోగి ఒక్కడే తెచ్చుకోగలిగిన గుణం ఏది? భయపడకుండా ఉండాలంటే ఎదుటివాడు భయపెట్టకూడదు. పాటించాలంటే అర్థం కావాలి. వివరించాలంటే వినేవాడు ఉండాలి. రోగి పాదం గట్టిగా నిలబడటం చాలావరకు వైద్యుడి నోటి మీద, చెవి మీద ఆధారపడి ఉంది. రోగిని మందు పోసే పాత్రగా కాకుండా చికిత్స చేసేవాళ్లలో ఒకడిగా లెక్కపెట్టిన ఆ చూపు నాకెంతో గొప్పగా కనిపిస్తుంది.

ఆ చెవి సంగతి ఎలా ఉందో తెలిపే పరిశోధనలు ఉన్నాయి. 1984లో అమెరికాలో బెక్‌మన్, ఫ్రాంకెల్ అనే ఇద్దరు డాక్టరు గది సంభాషణలు రికార్డు చేసి చూశారు. రోగి తన బాధ మొదలుపెట్టాక సగటున 18 సెకన్లకే డాక్టరు అడ్డుపడ్డాడు. 2017లో ‘బీఎంజే ఓపెన్’ పత్రికలో 67 దేశాల లెక్కలు వచ్చాయి. స్వీడన్‌లో ఒక రోగికి డాక్టరు ఇచ్చే సమయం 22 నిమిషాలు దాటితే, మన దేశంలో దాదాపు 2 నిమిషాలు. బంగ్లాదేశ్‌లో నిమిషం కూడా లేదు. ఓపీడీ బయట వరస గేటు దాకా ఉంటే ఆ 2 నిమిషాలు నాలుగు కావని నాకు తెలుసు. ఆ నింద కొత్తగా చేరిన పిల్లల మీద వెయ్యను. ఉన్న సమయంలో మొదటి అరనిమిషం రోగికి అడ్డు లేకుండా వదిలిపెట్టడం మాత్రం వాళ్ల చేతిలో పని. అలా వదిలితే రోగి చాలాసార్లు జబ్బు పేరు తప్ప అన్నీ తనే చెప్పేస్తాడు.

మా క్లాసులో రోగి పాత్ర వెయ్యడానికి లింబాయత్ నుంచి ఒక పెద్దమనిషి వస్తాడు. బతుకంతా సాంచాల మధ్య గడిపినవాడు. శిక్షణ ఇచ్చిన మనుషుల్ని రోగులుగా కూర్చోబెట్టి విద్యార్థులకు నేర్పే పద్ధతిని 1963లో కాలిఫోర్నియాలో హోవర్డ్ బారోస్ అనే న్యూరాలజిస్టు మొదలుపెట్టాడు. మా క్లాసుకు వచ్చే ఈ తాతకు ఆ పేరు అక్కర్లేదు గానీ పని బాగా తెలుసు. సాంచాల షెడ్డులో చప్పుడు 90 డెసిబెల్స్ దాటడం మామూలు. ఏళ్ల తరబడి అందులో నిలబడ్డవాళ్లకు వినికిడి మెల్లగా తగ్గిపోతుంది. వినబడటం లేదని చెప్పుకోవడం నామోషీ. అందుకని పెదవుల కదలిక చూసి తలూపడం అలవాటైపోతుంది. ఆయన వేసే పాత్ర కూడా అదే: క్షయ రోగి, చెవులు సరిగా వినబడవు, భాష సగమే తెలుసు.

విద్యార్థి వస్తాడు. మాస్కు పెట్టుకుని, కంప్యూటర్ వైపు చూస్తూ, చక్కటి గుజరాతీలో ఆరు నెలల మందుల సంగతి గడగడా చెబుతాడు. చివర “సమజ్ పడీ, కాకా?” అంటాడు. తాత “హా, హా” అని తలూపుతాడు. విద్యార్థి తృప్తిగా నా వైపు చూస్తాడు. అప్పుడు నేను తాతను అడుగుతాను: “ఇంటికి పోయి అవ్వకు ఏం చెప్తావు తాతా?” ఆయన పాత్రలోంచి బయటికి రాకుండానే అంటాడు: “దగ్గు తగ్గేదాక మందులేసుకోమన్నడు, తగ్గినంక బంద్ చెయ్యమన్నడు.” క్లాసు నిశ్శబ్దమవుతుంది. క్షయలో దగ్గు, జ్వరం కొద్ది వారాల్లోనే తగ్గుముఖం పడతాయి. క్రిములు మాత్రం పోవు. మధ్యలో మందు ఆపితే అవి మందుకు లొంగని రకంగా తయారై, మనిషినీ ఇంట్లోవాళ్లనూ ముంచుతాయి. చెప్పిన డాక్టరు తప్పేమీ చెప్పలేదు. ఒక్కమాట కూడా చేరలేదు, అంతే. అందుకే మా పిల్లలకు గట్టిగా అలవాటు చేసే పని ఇది: అర్థమైందా అని అడగవద్దు, అర్థమైంది ఏమిటో రోగి నోటితో చెప్పించుకో. మాస్కు దించి, ఎదురుగా కూర్చుని, మెల్లగా మాట్లాడు. భాష రాకపోతే వచ్చినవాణ్ణి పిలిపించు, ఆ వచ్చేవాడు రోగి కొడుకో కూతురో కాకుండా చూడు.

ఇంతవరకు నేర్పడం కష్టమే గానీ ఎవరూ కాదనరు. చెడు కబురు దగ్గరికి వచ్చేసరికే వాదం మొదలవుతుంది. “మీరు చరకుడి పేరు చెప్పారు కదా మేడం, ఆయనే చెప్పవద్దన్నాడు” అని చదివే పిల్లలు లేచి అంటారు. నిజమే. విమానస్థానం ఎనిమిదో అధ్యాయంలో గురువు శిష్యుడికి చేసే ఉపదేశం ఉంది. 2022లో జాతీయ వైద్య కమిషన్ చరక శపథాన్ని సిఫారసు చేశాక విద్యార్థులకు ఆ అధ్యాయంతో పరిచయం పెరిగింది. రోగి ఆయుష్షు తీరుతోందని తెలిసినా, చెబితే రోగికో ఇంకొకరికో దెబ్బ తగిలే చోట ఆ మాట బయటపెట్టవద్దని అక్కడ ఉంది. వరండాలో నా చెయ్యి పట్టుకున్న కోడలు, తనకు తెలియకుండానే చరకుడి మాట చెబుతోంది. ఆమెది కపటం అనుకునేవాళ్లకు ప్రేమ ఎలా ఉంటుందో తెలియదు.

కానీ ఆ ఉపదేశాన్ని నిదానంగా చదవాలి. దెబ్బ తగిలే చోట చెప్పవద్దు అన్నదాంట్లో చోటును చూసుకో, మనిషిని చూసుకో అన్న హెచ్చరిక ఉంది. అబద్ధం చెప్పు అన్న అనుమతి లేదు. మౌనానికీ అబద్ధానికీ మధ్య ఉన్న గీతను మన ఇతిహాసం ఎంత జాగ్రత్తగా గీసిందో చూడండి. కర్ణపర్వంలో కృష్ణుడు అర్జునుడికి కౌశికుడి కథ చెబుతాడు. నిజమే చెబుతానని వ్రతం పట్టిన ఆ తపస్వి, ప్రాణభయంతో పారిపోయిన మనుషులు ఎటు వెళ్లారో దొంగలకు చూపించాడు. వాళ్లు చనిపోయారు, అతను నరకానికి పోయాడు. ఎదుటివాడికి ఏమవుతుందో చూడకుండా నిజాన్ని విసిరేసి నా ధర్మం తీరిందనుకునే డాక్టరు కౌశికుడి దారిలో ఉన్నాడు. కారిడార్‌లో నిలబడి, ఫైలు మూస్తూ, “క్యాన్సర్, నాలుగో స్టేజి” అనేసి పక్క మంచానికి కదిలిపోవడం అలాంటి పనే.

రెండో వైపు ద్రోణపర్వం ఉంది. అశ్వత్థామ చనిపోయాడని ద్రోణుడితో అంటూ ధర్మరాజు ఏనుగు మాటను గొంతు తగ్గించి చెప్పినందుకు, అప్పటిదాకా నేలకు నాలుగు వేళ్ల ఎత్తున నడిచిన ఆయన రథం నేలను తాకింది. వార్డుల్లో ఎక్కువగా నడిచేది ఈ సగం నిజమే. రేడియేషన్‌ను “చిన్న గడ్డ ఉంది, కరెంటు పెడితే కరిగిపోతుంది” అని మనవాళ్లకు చెబుతారు, “షేక్ ఇస్తే సరి” అని గుజరాతీవాళ్లకు చెబుతారు. ఒక్కొక్క మాటా విడిగా చూస్తే అబద్ధం కాదు. కలిపి చూస్తే మనిషిని తన జీవితం నుంచి బయట నిలబెట్టే మాట. జుట్టు రాలుతుంటే, అన్నం దిగకపోతే, చుట్టాలు వరసపెట్టి చూడ్డానికి వస్తుంటే, ఆ మనిషి ఏమీ గ్రహించడనుకోవడం ఎలా?

చెప్పని నిజం ఖాళీగా ఉండదు. దాని స్థానంలోకి భయం, పుకారు వచ్చి కూర్చుంటాయి. ఇది ఒక మనిషికే కాదు, ఊరికీ వర్తిస్తుంది. 1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు అన్న మాట పుట్టినప్పుడు, ఏం జరుగుతోందో, ఏం చెయ్యాలో జనానికి నమ్మకంగా చెప్పే గొంతు లేకపోయింది. మందుల షాపుల్లో టెట్రాసైక్లిన్ దొరకలేదు. ప్రైవేటు డాక్టర్లలో చాలామంది ఊరు విడిచారు. లక్షలాది జనం రైళ్లకు, బస్సులకు వేలాడుతూ వెళ్లిపోయారు. మా తెలుగువాళ్ల ఇళ్లకూ తాళాలు పడ్డాయి. ప్లేగు యాంటీబయాటిక్‌కు లొంగే జబ్బు అన్న ఒక్క నిజం, నమ్మదగిన మనిషి నోట, సరైన సమయంలో, వాడకో భాషలో వచ్చి ఉంటే ఎంతమంది కాలు కదపకుండా ఉండేవాళ్లో! మరుసటి ఏడాది ఎస్.ఆర్. రావు మునిసిపల్ కమిషనర్‌గా వచ్చి ఊరిని శుభ్రం చేసిన కథ అందరూ చెబుతారు. ఆ సెప్టెంబరులో లోపించిన మాట గురించి కూడా వైద్య విద్యార్థులకు చెప్పాలని నేను పట్టుబడతాను.

ఇక నాకు అన్నిటికన్నా దగ్గరి సాక్ష్యం మా కులగాథలోనే ఉంది. పద్మశాలీలం మార్కండేయ మహర్షి సంతతి అని చెప్పుకుంటాం. నూలి పున్నమి నాడు కొత్త జంధ్యం వేసుకుని ఆయన్ని కొలుస్తాం. కథ అందరికీ తెలిసిందే. మృకండ మహర్షికి పిల్లలు లేరు. మందబుద్ధితో నిండు నూరేళ్లు బతికే కొడుకు కావాలా, గుణవంతుడై పదహారేళ్లే బతికే కొడుకు కావాలా అని శివుడు అడిగాడు. గుణవంతుణ్ణే కోరుకున్నారు. ఏళ్లు గడిచాయి. పదహారో ఏడు దగ్గరపడింది. తల్లి మరుద్వతి ముఖం వాడిపోయింది, తండ్రి మాట తగ్గింది. కొడుకు గమనించాడు. ఎందుకు బాధపడుతున్నారని అడిగాడు. వాళ్లు చెప్పారు.

నూలి పున్నమికి ఈ కథ చెప్పేటప్పుడు పెద్దలు ఈ చోట ఆగరు. యముడి పాశం దగ్గరికి, లింగం చీల్చుకుని వచ్చిన శివుడి దగ్గరికి పరిగెత్తుతారు. నేను మాత్రం ఆ తల్లిదండ్రుల దగ్గరే ఆగిపోతాను. వాళ్లు పిల్లవాడంటే ప్రాణం పెట్టుకున్నవాళ్లు. నోటితో చెప్పకపోయినా ముఖాలు చెప్పేస్తున్నాయి. “ఏం లేదు నాయనా, ఒంట్లో బాగాలేదు” అని తప్పించుకోవచ్చు. అలా తప్పించుకుని ఉంటే ఆ పిల్లవాడు మిగిలిన కొద్దికాలం తన చావు సంగతి తెలియకుండా, తల్లిదండ్రుల కన్నీళ్లకు కారణం తెలియక, ఒంటరిగా గడిపేవాడు. యముడు వచ్చిన రోజు అతను లింగం దగ్గర ఉండేవాడు కాదు. చెప్పినందువల్లే ఆ కాలం అతని చేతికి వచ్చింది. దాంతో ఏం చెయ్యాలో అతనే నిర్ణయించుకున్నాడు. శివుడు ప్రత్యక్షమవడం దైవకృప. అంతకు ముందు జరిగింది మాత్రం ఇద్దరు మనుషులు కూడదీసుకున్న ధైర్యం.

అతను అడిగాడు అన్నది కూడా ముఖ్యం. అడగకముందే పసివాడికి చావు తేదీ చెప్పే తల్లిదండ్రులు కారు వాళ్లు. అడిగాక దాచినవాళ్లూ కారు. చరకుడి హెచ్చరికకూ ఈ కథకూ మధ్య నాకు వైరం కనిపించదు.

మా వాడకు చెందిన ఒక పెద్దాయన కథ చెబుతాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను. అన్నవాహికలో క్యాన్సర్, చాలా ముదిరింది. కొడుకులు చెప్పవద్దన్నారు. నేను వాళ్లతో ఒక ఒప్పందం చేసుకున్నాను: “మీ బాపు అడగకపోతే నేను నోరు విప్పను. అడిగితే మాత్రం అబద్ధం చెప్పను.” కొడుకులు కాసేపు వాదించి ఒప్పుకున్నారు. ఒక మధ్యాహ్నం వార్డు సందడి తగ్గాక ఆయనే పిలిచాడు. “నాకేమైంది బిడ్డా? నువ్వన్నా జెప్పు.” కుర్చీ లాక్కుని కూర్చున్నాను. “మీకేమనిపిస్తుంది పెద్దబాపూ?” అని అడిగాను. “నాకు ఎరుకే. పోరగాళ్లు ఏడుస్తరని ఎరుక లేనట్టు ఉంటున్న” అన్నాడు. కొడుకులు తండ్రి కోసం నటిస్తున్నారు, తండ్రి కొడుకుల కోసం నటిస్తున్నాడు. ఎంత కాలముందని అడిగితే, నెలల లెక్క అని, ఖాయంగా చెప్పలేమని, నొప్పి లేకుండా చూసుకుంటామని చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. తర్వాత ఆయన అడిగింది మందు గురించి కాదు. కార్ఖానాలో తోటి పనివాడి దగ్గర కాగితం లేకుండా చేబదులు తీసుకున్న డబ్బుంది, అది కొడుకులకు తెలియదు, తీర్చి పోవాలి. బోనాలకు ఊరికి పోయి రావాలి. రెండూ జరిగాయి. ఆ నిజం దాచి ఉంటే మేము ఆయనకు ప్రశాంతత ఇచ్చామనుకునేవాళ్లం. ఆయన రుణంతో పోయేవాడు.

నిజం రోగికే చెప్పాలన్నది పడమటి దేశాల ఆలోచన, మన కుటుంబాలకు నప్పదు అనేవాళ్లున్నారు. రోగి స్వేచ్ఛ పేరుతో అయినవాళ్లను పక్కకు నెట్టేస్తారన్న భయం వాళ్లది. ఆ భయాన్ని నేను గౌరవిస్తాను. మన ఇళ్లలో జబ్బు ఒకరిదే కాదు, అన్నం వండేవాళ్లది, రాత్రి మేల్కొనేవాళ్లది కూడా. కానీ కుటుంబానికి ఎంత చోటు ఇవ్వాలో రోగే చెప్పగలడు. 2000లో బెయిల్, బక్‌మన్ తదితరులు చెడు కబురు చెప్పడానికి స్పైక్స్ అనే ఆరు మెట్ల పద్ధతి రాశారు. అందులో నాకు అన్నిటికన్నా నచ్చిన మెట్టు మూడోది. చెప్పే ముందు రోగి అనుమతి అడగాలి: “పరీక్షల సంగతి మీతో మాట్లాడమంటారా, మీ అబ్బాయితో మాట్లాడమంటారా?” చాలామంది “వాడితోనే మాట్లాడు తల్లీ, నాకెందుకు” అంటారు. అదీ ఆయన నిర్ణయమే, దాన్ని అలాగే పాటించాలి. తెలుసుకోకుండా ఉండే హక్కు కూడా రోగిదే. ఆయన్ని అడగకుండా ఆ హక్కును ఇంకొకరు తీసేసుకోవడమే తప్పు. మన చట్టం కూడా ఇటే నిలబడింది. మత్తులో ఉన్న రోగి బదులు ఆమె తల్లి ఇచ్చిన అంగీకారంతో గర్భసంచి తీసేసిన కేసులో, ఆ అంగీకారం చెల్లదని 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. కన్నతల్లి మాట కూడా ఆమె మాట కాలేకపోయింది.

ఒకసారి గోపీపురా నుంచి వచ్చే ఒక జైన విద్యార్థిని క్లాసులో లేచి, తమ ధర్మంలో భాషా సమితి అనే నియమం ఉందని చెప్పింది. నడిచేటప్పుడు కాలికింద జీవిని చూసుకున్నట్టే, మాట్లాడేటప్పుడు ఆ మాట ఎవరికి తగులుతుందో చూసుకోవడం. ఐదు సమితుల్లో నడక మొదటిది, మాట రెండోది. గీత పదిహేడో అధ్యాయం కూడా మాటను తపస్సుల్లో ఒకటిగా లెక్కించింది. ఎదుటివాడిని కలవరపెట్టకుండా, నిజంగా, ప్రియంగా, మేలు చేసేదిగా మాట ఉండాలంది. ఈ నాలుగూ ఒకే వాక్యంలో ఒక్కసారిగా సాధించడం ఎంత కష్టమో వార్డులో నిలబడ్డవాళ్లకు తెలుసు. తపస్సు అన్నారంటేనే రోజూ చెయ్యాల్సిన పని అని అర్థం.

అందుకే, కరుణ పుట్టుకతో రావాలి గానీ పాఠం చెబితే వస్తుందా అని అడిగేవాళ్లతో నేను ఏకీభవించను. పరీక్షలో మార్కుల కోసం “మీ బాధ నాకు తెలుస్తోంది” అని చిలకలా అనే విద్యార్థుల్ని నేనూ చూశాను. నిరాశపడను. చిన్నప్పుడు అర్థం తెలియకుండా వల్లించిన శ్లోకం ఏనాడో ఒక కష్టంలో అర్థమవుతుంది. ఈ మాటలూ అంతే. కుర్చీ లాక్కుని కూర్చోవడం, పేరు పెట్టి పలకరించడం, అడ్డు తగలకుండా వినడం, ఏం అర్థమైందో చెప్పించుకోవడం, ఏడుస్తుంటే తొందరపడి ఓదార్చకుండా ఆగడం, ఇవన్నీ చేతలు. చేతలు నేర్పవచ్చు, పరీక్ష పెట్టవచ్చు. వాటిని రోజూ చేసే మనిషిలో కరుణకు చోటు ఏర్పడుతుంది. చెయ్యని మనిషిలో, ఎంత మంచి మనసున్నా, అది రోగి దాకా చేరదు.

ఇది విద్యార్థుల మీద మాత్రమే మోపి ఊరుకునే భారం కాదు. సూరత్ లాంటి వలసల ఊళ్లో ప్రతి పెద్ద ప్రభుత్వ ఆసుపత్రికీ తెలుగు, ఒడియా, మరాఠీ, ఆదివాసీ భాషలు తెలిసిన దుబాసీలను జీతం ఇచ్చి నియమించాలి. ఈ ఊరి తెలుగు బడుల్లో, ఒడియా బడుల్లో చదివిన ఆడపిల్లలకు అది గౌరవమైన ఉద్యోగం అవుతుంది. ప్రతి వార్డులో ఒక తెరచాటు, రెండు కుర్చీలు ఉండాలి. చెడు కబురు కారిడార్‌లో చెప్పడం నిషేధం కావాలి. ఫైనల్ పరీక్షలో గుండె చప్పుడు వినడానికి ఎన్ని మార్కులో, రోగి మాట వినడానికి అన్ని మార్కులు ఉండాలి. అన్నిటికన్నా ముందు, పాఠం చెప్పే మేము రౌండ్లలో రోగి మంచం పక్కన నిలబడి, ఆయన అక్కడ లేనట్టు ఆయన గురించి ఇంగ్లీషులో మాట్లాడుకోవడం మానాలి. విద్యార్థి మా పుస్తకం చదవడు, మమ్మల్ని చదువుతాడు.

వైద్యం ఎంత పెరిగినా అందరినీ బతికించలేదు. బతికించలేని మనిషికి డాక్టరు ఇవ్వగలిగింది ఇంకా మిగిలే ఉంటుంది: నొప్పి లేని రోజులు, తన కాలం తన చేతిలో ఉందన్న ఎరుక. మొదటిదానికి మందులున్నాయి, వాటిని నేర్పడానికి మేము ఏళ్లు ఖర్చు పెడుతున్నాం. రెండోదానికి నిజం చెప్పగల నోరు, వినగల చెవి కావాలి. అవి నేర్పడానికీ అంతే శ్రద్ధ పెట్టనంత కాలం మేము చెప్పేది సగం చదువే. ఆ లోటు భరించేది మా విద్యార్థులు కాదు, వాళ్ల చేతిలో పడే రోగులు.